డాక్టర్ హూ: కొత్తగా చూసేవాళ్లు, మునిగిపోయినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ హూ చూడ్డం మొదలుపెట్టింది 2013లో. అప్పటి నుంచి ఆఫీసులో, పెళ్లిళ్లలో, రైలు ప్రయాణాల్లో, ఎవరి దగ్గర ఈ సిరీస్ మాటెత్తినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది. పెద్ద మలుపులు వీలైనంతవరకు బయటపెట్టలేదు.

## ఇంకా మొదలుపెట్టనివాళ్లకి

అసలు ఇది దేని గురించి? రెండు ముక్కల్లో చెప్పండి.

డాక్టర్ అని పిలిపించుకునే ఒక గ్రహాంతరవాసి కథ. చూడ్డానికి మనిషే, కానీ గుండెలు రెండు. సొంత గ్రహం గాలిఫ్రే. అక్కడ ఒక పాత టైమ్ మెషిన్‌ని దొంగిలించి బయటపడ్డాడు. దాని పేరు టార్డిస్. బయటికి నీలం రంగు చెక్క పెట్టె, ఒకప్పుడు లండన్ వీధుల్లో పోలీసులకు ఫోన్ చేయడానికి పెట్టిన బాక్స్ లాంటిది. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే ఎంతకీ తరగనంత చోటు. తనతో పాటు ఎవరో ఒక మామూలు మనిషిని వెంటబెట్టుకుని వెళ్తుంటాడు. ఆ మనిషి బట్టల షాపులో పనిచేసే అమ్మాయి కావచ్చు, స్కూల్ టీచర్ కావచ్చు, నర్సు కావచ్చు. కాశీకి నడిచిపోతూ మజిలీ మజిలీకి ఒక కథ చెప్పుకున్నట్టు, ఈ పెట్టె ఆగిన ప్రతిచోటా ఒక కథ.

నన్ను కట్టిపడేసింది మాత్రం డాక్టర్ జేబు. అందులో తుపాకీ ఉండదు, స్క్రూడ్రైవర్ ఉంటుంది. తలుపులు తెరుస్తుంది, తీగలు కలుపుతుంది. 1968 నుంచి, మధ్యలో కొన్నేళ్లు తప్ప, అదే ఆయన పనిముట్టు.

డాక్టర్ హూ అంటే హీరో పేరా?

కాదు. హీరో పేరు డాక్టర్, అంతే. ఎవరైనా "నేను డాక్టర్‌ని" అంటే ఎదుటివాళ్లు "ఏ డాక్టర్?" అని అడుగుతారు కదా, సిరీస్ పేరు ఆ ప్రశ్నే. అసలు పేరు ఏమిటన్నది 60 ఏళ్లు దాటినా చెప్పలేదు. అలాగని మీరు డాక్టర్ హూ అని పిలిస్తే తప్పేమీ లేదు. చాలా ఏళ్లు టైటిల్స్‌లోనే అలా వేశారు. ఎవరైనా సరిదిద్దితే పట్టించుకోకండి.

1963 నుంచి వస్తోందట. అవన్నీ చూడాలంటే ఎప్పటికి అవుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ చూడాల్సిన పనే లేదు. ఈ ఒక్క భయంతోనే సగం మంది మొదలుపెట్టకుండా ఉండిపోతున్నారు. ఈ సిరీస్ 1989 దాకా నడిచి ఆగింది. 2005లో మళ్లీ మొదలైనప్పుడు, ఏమీ తెలియని కొత్త ప్రేక్షకుల కోసమే రాశారు. కాబట్టి 2005 మొదటి సీజన్‌తో మొదలుపెట్టండి. మొత్తం 13 ఎపిసోడ్లు, డాక్టర్‌గా క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్, పక్కన రోజ్ పాత్రలో బిల్లీ పైపర్.

మొదటి ఎపిసోడ్‌లో షాపు బొమ్మలు కదిలి మనుషుల మీద పడతాయి. అది చూసి ఆపేయకండి. ఆరో ఎపిసోడ్ దాకా రండి. గొలుసులతో కట్టేసిన ఒక డాలెక్ (లోహపు కవచంలో ఉండే గ్రహాంతర జీవి, డాక్టర్‌కి పాత శత్రువు), దాని ఎదురుగా డాక్టర్, చీకటి గది. అప్పటిదాకా నవ్వుతూ తిరిగిన మనిషి ముఖం ఆ గదిలో ఎలా మారుతుందో చూడండి. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒక కూతురు, చనిపోయిన నాన్నని చూడ్డానికి వెనక్కి వెళ్తుంది. తొమ్మిది, పది ఎపిసోడ్లలో రెండో ప్రపంచ యుద్ధం నాటి లండన్, గ్యాస్ మాస్క్ వేసుకుని అమ్మ కోసం వెతుక్కుంటూ తిరిగే చిన్నపిల్లాడు. అక్కడిదాకా వచ్చి కూడా నచ్చలేదంటే, ఈ సిరీస్ మీకు సరిపడదని ఒప్పుకుంటాను.

2005 నాటి వీడియో మరీ పాతగా అనిపిస్తే, 2010లో కొత్త డాక్టర్‌గా వచ్చిన మాట్ స్మిత్ మొదటి ఎపిసోడ్‌తోనైనా మొదలుపెట్టవచ్చు. అక్కడ కూడా అన్నీ కొత్తే.

పిల్లల సీరియల్ అంటారు. నిజమేనా?

ఇంటిల్లిపాదీ కలిసి చూసే సీరియల్. బీబీసీ దీన్ని శనివారం సాయంత్రం కోసమే తయారుచేసింది. ముందు ఆటల కార్యక్రమం, తర్వాత పాటల కార్యక్రమం, మధ్యలో నాన్నా పిల్లలూ లేవకుండా కూర్చునేలా ఏదైనా కావాలి. మొదటి ఎపిసోడ్ 1963 నవంబర్ 23న వచ్చింది. ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది, జనం ధ్యాసంతా దాని మీదే. అందుకే తర్వాతి వారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్లీ వేశారు.

ఆలోచన సిడ్నీ న్యూమన్ అనే డ్రామా విభాగాధిపతిది. పెద్ద పెద్ద కళ్ల రాక్షసులు ఉండకూడదని, చరిత్ర, సైన్సు నేర్పాలని ఆయన పట్టుదల. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి అప్పటికి 27 ఏళ్లు. రెండో కథలోనే డాలెక్‌లు వచ్చాయి. న్యూమన్ మండిపడ్డా ఆమె తగ్గలేదు. కొన్ని వారాల్లోనే బ్రిటన్ పిల్లలంతా చేతులు ముందుకు చాచి డాలెక్‌ల గొంతుతో అరుస్తూ తిరిగారు. ఆమె ఆరోజు వెనక్కి తగ్గి ఉంటే ఈ ప్రశ్నలూ ఉండేవి కాదు, ఈ జవాబులూ ఉండేవి కాదు.

గ్రాఫిక్స్ నాసిరకంగా ఉన్నాయి. ఎలా భరిస్తున్నారు?

డబ్బు తక్కువ ఉన్నచోట బుర్ర ఎక్కువ వాడారు. టార్డిస్ బయల్దేరేటప్పుడు వచ్చే ఆ రొప్పుతున్నట్టుండే శబ్దం వినండి. బ్రయన్ హాడ్జ్‌సన్ అనే సౌండ్ ఇంజినీర్ పాత పియానో తీగ మీద ఇంటి తాళంచెవితో గీకి, దాన్ని టేపు మీద వెనక్కీ ముందుకీ తిప్పి చేసిన శబ్దం అది. టైటిల్ సంగీతానికి స్వరం రాన్ గ్రెయినర్‌ది. కానీ దాన్ని వినిపించింది బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో పనిచేసిన డెలియా డెర్బిషైర్. అప్పటికి మార్కెట్లో సింథసైజర్లు లేవు. ఒక్కో శబ్దాన్నీ విడిగా టేపు మీద పట్టి, బ్లేడుతో ముక్కలు కోసి, అతికించి ఆ పాటంతా కట్టారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి విని చూడండి, అంత పాతదని నమ్మలేరు.

2005 తర్వాత గ్రాఫిక్స్ ఏటికేడు మెరుగయ్యాయి. 2023 తర్వాతివి ఏ పెద్ద సిరీస్‌కీ తీసిపోవు.

ఆ ఇంగ్లీష్ యాస అర్థం కావడం లేదు.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందులో మొహమాటం దేనికి? ఎకిల్‌స్టన్‌ది ఉత్తర ఇంగ్లాండ్ యాస. తర్వాత డాక్టర్‌గా చేసిన పీటర్ కపాల్డీది స్కాట్లాండ్ యాస, మాట కూడా వేగం. డేవిడ్ టెనెంట్ కూడా స్కాట్లాండ్ వాడే, కానీ డాక్టర్ కోసం లండన్ వైపు యాస మాట్లాడాడు. నాలుగైదు ఎపిసోడ్లకి చెవి అలవాటు పడిపోతుంది.

## చూడ్డం మొదలయ్యాక

హీరో ఒక్కసారిగా మారిపోయాడేంటి? చచ్చిపోయాడా?

డాక్టర్ జాతికి చావు దగ్గరపడితే శరీరం మొత్తం కొత్తగా మారిపోతుంది. దాన్ని రీజనరేషన్ అంటారు. మన కథల్లోని పరకాయ ప్రవేశంతో పోల్చుకుంటారు కానీ, రెండూ ఒకటి కావు. పరకాయ ప్రవేశంలో జీవుడు వేరేవాళ్ల దేహంలోకి వెళ్తాడు. ఇక్కడ అదే దేహం మారుతుంది. జ్ఞాపకాలు అవే ఉంటాయి, ముఖం మారుతుంది, స్వభావం కూడా కొంత మారుతుంది.

దీని వెనక అసలు కారణం ఒక మనిషి అనారోగ్యం. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్‌కి ఒంట్లో బాగోక డైలాగులు గుర్తుండని పరిస్థితి వచ్చింది. సిరీస్ ఆపాలా, నటుణ్ణి మార్చాలా అన్న ప్రశ్నకు రచయితలు కథలోనే దారి కనిపెట్టారు. 1966 అక్టోబర్ 29న హార్ట్‌నెల్ ముఖం వెలుగులో కరిగి ప్యాట్రిక్ ట్రౌటన్ ముఖం అయింది. ఇన్నేళ్లు సిరీస్ బతికి ఉందంటే ఆ ఒక్క ఉపాయం వల్లే.

ఇప్పటిదాకా ఎంతమంది డాక్టర్లు?

పాత సిరీస్‌లో ఏడుగురు: హార్ట్‌నెల్, ట్రౌటన్, జాన్ పెర్ట్‌వీ, టామ్ బేకర్, పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్. 1996లో ఒక్క టీవీ సినిమా కోసం పాల్ మెగాన్. 2005 నుంచి ఎకిల్‌స్టన్, టెనెంట్, మాట్ స్మిత్, కపాల్డీ, జోడీ విటకర్, 2023 ప్రత్యేక ఎపిసోడ్ల కోసం మళ్లీ టెనెంట్, ఆ తర్వాత షూటీ గాట్వా. అంకె ప్రకారం గాట్వా పదిహేనో డాక్టర్. మధ్యలో జాన్ హర్ట్, జో మార్టిన్ చేసిన డాక్టర్లకి అంకె లేదు. ఎందుకన్నది కథలోనే తెలియాలి.

నా డాక్టర్ వెళ్లిపోయాడు. కొత్తాయన్ని చూడబుద్ధి కావడం లేదు.

ఈ బాధ ప్రతి అభిమానికీ ఒకసారైనా తప్పదు. నాకు మాట్ స్మిత్ అంటే ప్రాణం. 2013 క్రిస్మస్‌కి ఆయన వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో కనుబొమలు ముడేసుకుని, ఎవరితోనూ ప్రేమగా మాట్లాడని కపాల్డీ వచ్చాడు. ఏడాది పాటు మొక్కుబడిగా చూశాను. తర్వాత 2015లో ఒక ఎపిసోడ్ వచ్చింది. దాదాపు గంటసేపు తెరమీద కపాల్డీ ఒక్కడే. ఒక కోట, వెంటాడే ఒక ఆకారం, పోగొట్టుకున్న మనిషి కోసం ఆగని దుఃఖం, ఎదురుగా బద్దలు కొట్టాల్సిన గోడ. ఆ ఎపిసోడ్ అయ్యాక లైటు కూడా వేయకుండా చాలాసేపు కూర్చుండిపోయాను. ఇప్పుడు ఎవరైనా నీ డాక్టర్ ఎవరు అని అడిగితే కపాల్డీ పేరే చెప్తాను.

పది ఎపిసోడ్లు ఓపిక పట్టండి. అప్పటికీ కుదరకపోతే పాత డాక్టర్ ఎపిసోడ్లు మళ్లీ చూసుకోండి. అవి ఎక్కడికీ పోవు.

డాక్టర్‌ని అమ్మాయిని చేశారెందుకు?

ముఖం, వయసు, యాస అన్నీ మారగలిగినప్పుడు ఇది మారకూడదని కథలో ఎక్కడా లేదు. 2017 జులైలో వింబుల్డన్ పురుషుల ఫైనల్ అయిపోగానే జోడీ విటకర్ పేరు ప్రకటించారు. నా అభిప్రాయం అడిగితే, ఆమె కాలంలో కొన్ని కథలు బలహీనంగా ఉన్నాయి, ఆమె నటన కాదు. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ మీద 2018లో వచ్చిన ఎపిసోడ్ చూసి మాట్లాడండి.

బాగా భయపెట్టే ఎపిసోడ్ ఏది?

2007లో వచ్చిన బ్లింక్. అందులో రాక్షసులు రాతి విగ్రహాలు. రెక్కలున్న దేవతలు, రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడి ఉంటాయి. మీరు చూస్తున్నంతసేపు రాయి. రెప్ప వేస్తే కదులుతాయి. కదలడం మనకి ఎప్పుడూ కనిపించదు. తల తిప్పి మళ్లీ చూసేసరికి చేతులు దిగి ఉంటాయి, ఇంకోసారికి నోరు తెరిచి ఉంటుంది, ఇంకోసారికి మీ ముఖం ముందు ఉంటుంది. రక్తం లేదు, కత్తి లేదు. డాక్టర్ కూడా ఎపిసోడ్‌లో కాసేపే కనిపిస్తాడు, కథంతా కేరీ మలిగన్ అనే అమ్మాయి భుజాల మీద నడుస్తుంది. ఆ రాత్రి మేడ మెట్ల దగ్గర లైటు ఆర్పడానికి నా చెయ్యి వెళ్లలేదు.

2008లో వచ్చిన మిడ్‌నైట్ కూడా చూడండి. ఒక బండి, కొందరు ప్రయాణికులు, ఎదుటివాళ్ల మాటను మళ్లీ అనే ఒక మనిషి. అందులో రాక్షసి కంటే భయపెట్టేది తోటి ప్రయాణికులు.

మన దేశానికి సంబంధించిన కథ ఏదైనా ఉందా?

ఉంది, డీమన్స్ ఆఫ్ ద పంజాబ్. 2018 నవంబర్ 11న వచ్చింది, రాసింది వినయ్ పటేల్. అప్పటి కంపానియన్లలో, అంటే డాక్టర్ వెంట తిరిగే మనుషుల్లో, యాస్మిన్ ఖాన్ షెఫీల్డ్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి. అమ్మమ్మ ఆమెకి పగిలిపోయిన ఒక వాచీ ఇస్తుంది. దాని కథ మాత్రం చెప్పదు. అదేంటో తెలుసుకుందామని యాస్మిన్ డాక్టర్‌ని బతిమాలి వెనక్కి వెళ్తే, వాళ్లు దిగింది 1947 ఆగస్ట్ 17న, పంజాబ్‌లో. సరిహద్దు గీత ఎక్కడ పడుతుందో ప్రకటించిన రోజది. ముస్లిం అయిన అమ్మమ్మ ఆ రోజుల్లో ప్రేమ్ అనే హిందూ రైతుని పెళ్లాడబోతోంది. మనవరాలికి ఆ పేరే తెలియదు.

ఇందులో గ్రహాంతరవాసులు ఉన్నారు గానీ చంపేది వాళ్లు కాదు. అన్నదమ్ములే, ఇరుగుపొరుగే. సిరీస్ మొత్తంలో డాక్టర్ ఏమీ చేయలేక తల వంచుకుని నడిచిపోయే ఘట్టాలు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. చివర టైటిల్ సంగీతం కూడా మామూలుగా రాదు, పంజాబీ గానం పద్ధతిలో గొంతుతో వినిపిస్తుంది. చూసేటప్పుడు చివరి అక్షరం దాకా ఆపకండి.

తెర వెనక మనవాళ్ల పాత్ర అంతకంటే పాతది. 1963లో మొట్టమొదటి ఎపిసోడ్‌కి దర్శకుడు వారిస్ హుస్సేన్, పుట్టింది లక్నోలో. ఈ మధ్య విలన్ మాస్టర్‌గా సాచా ధావన్, రాణీ అనే విలన్‌గా ఆర్చీ పంజాబీ చేశారు. 2025 సీజన్‌లో బెలిండా చంద్ర అనే నర్సుగా నటించిన వరదా సేతు కేరళలో పుట్టిన అమ్మాయి.

ఒక ఎపిసోడ్‌లో చెప్పింది ఇంకో ఎపిసోడ్‌కి కుదరడం లేదు. నాకే అర్థం కావట్లేదా?

మీ తప్పేం లేదు. ఆరు దశాబ్దాల్లో ఎంతోమంది రచయితలు రాశారు. గాలిఫ్రే అన్న పేరు 1973లో గానీ రాలేదు, రెండు గుండెల సంగతి 1970లో వచ్చింది. పన్నెండుసార్లకు మించి మారలేడని 1976లో అన్నారు, 2013లో దాన్ని దాటించారు. ఆ ఎపిసోడ్ వరకు కథ నిలబడిందా లేదా అన్నదే చూసుకోండి.

## పాత ఎపిసోడ్లలోకి దిగేటప్పుడు

నలుపు తెలుపు ఎపిసోడ్లు చాలా నెమ్మదిగా ఉన్నాయి. ఎలా చూడాలి?

ఒకేసారి చూడకండి. పాత కథలు చాలావరకు 25 నిమిషాల భాగాలు, వారానికొకటి చొప్పున చూడ్డానికి రాసినవి. నాలుగు భాగాలు వరసగా చూస్తే చెప్పిందే చెప్తున్నట్టు ఉంటుంది. రోజుకొకటి చొప్పున, రాత్రి భోజనం తర్వాత చూడండి. ప్రతి భాగం చివర వచ్చే ప్రమాదం అప్పుడు పనిచేస్తుంది.

ముందు 1975 నాటి జెనెసిస్ ఆఫ్ ద డాలెక్స్ చూడండి. చేతిలో రెండు తీగలు పట్టుకుని టామ్ బేకర్ నిలబడతాడు. కలిపితే డాలెక్ జాతి పుట్టకముందే అంతం. కలిపే హక్కు నాకుందా అని అడుగుతాడు. తర్వాత పారిస్‌లో తీసిన సిటీ ఆఫ్ డెత్ సరదాగా ఉంటుంది. ఆ తర్వాత 1984 నాటి ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజాని. 2009లో డాక్టర్ హూ మ్యాగజైన్ పాఠకులు అప్పటివరకు వచ్చిన 200 కథల్లో దానికే మొదటి స్థానం ఇచ్చారు.

కొన్ని పాత ఎపిసోడ్లు పోయాయంటారు. ఎలా పోయాయి?

బీబీసీనే చెరిపేసింది. 1960లలో వీడియో టేపు ఖరీదైన సరుకు. మళ్లీ ప్రసారం చేసే అవకాశం తక్కువ, ఇళ్లలో చూసుకునే వీలే లేదు. దాంతో టేపుల మీద కొత్త కార్యక్రమాలు రికార్డ్ చేశారు, విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్మ్ కాపీలను కూడా పారేశారు. 1978 నాటికి గానీ ఈ పని ఆగలేదు. మొదటి ఆరేళ్లలో వచ్చిన 253 ఎపిసోడ్లలో 90కి పైగా ఇప్పటికీ లేవు.

కానీ వాటి శబ్దం మొత్తం ఉంది, ఒక్క ఎపిసోడ్ కూడా తప్పకుండా. అది దాచింది బీబీసీ కాదు, అభిమానులు. అప్పట్లో స్కూలు పిల్లలు టీవీ ముందు టేప్‌రికార్డర్ మైకు పెట్టి, ఇంట్లో అందర్నీ మాట్లాడొద్దని బతిమాలి ప్రతి వారం రికార్డ్ చేసుకున్నారు. రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టుకుని పాటలు పట్టుకున్న తరం మన ఇళ్లలోనూ ఉంది. మా నాన్న క్యాసెట్లలో పాట మధ్యలో మా నానమ్మ దగ్గు వినిపిస్తుంది. అందుకే ఈ సంగతి చదివినప్పుడు వాళ్లు నాకు తెలిసినవాళ్లే అనిపించింది. ఆ పిల్లల టేపుల మీదే ఈరోజు యానిమేషన్ గీసి, పోయిన కథలను మళ్లీ విడుదల చేస్తున్నారు. ది పవర్ ఆఫ్ ద డాలెక్స్ బొమ్మ దాదాపు పూర్తిగా పోయింది. సరిగ్గా 50 ఏళ్లకి, 2016లో, అలాగే తిరిగొచ్చింది.

అప్పుడప్పుడు అసలు ఫిల్మే దొరుకుతుంది. నాలుగు భాగాల టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్ హాంకాంగ్‌లో దొరికింది. 2013లో నైజీరియాలోని ఒక టీవీ కేంద్రంలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికినట్టు ప్రకటించారు. ఆ వార్త చూసిన రోజు నేను ఆఫీసులో పని ఆపేసి మెట్ల మీదకి వెళ్లి స్నేహితురాలికి ఫోన్ చేశాను.

1989లో ఎందుకు ఆపేశారు? మళ్లీ ఎలా వచ్చింది?

చూసేవాళ్లు తగ్గారు, బీబీసీ పెద్దలకు ఆసక్తి పోయింది. 1985లోనే ఒకసారి 18 నెలలు విరామం ఇచ్చారు. 1989 డిసెంబర్ తర్వాత ముగింపు అని చెప్పకుండానే ఆపేశారు.

ఆ ఖాళీలో సిరీస్‌ని మోసింది అభిమానులే. 1991 నుంచి కొత్త నవలలు వచ్చాయి, వాటిలో చాలా వరకు అభిమానులు రాసినవే. 1999 నుంచి బిగ్ ఫినిష్ అనే సంస్థ పాత నటులతోనే ఆడియో నాటకాలు మొదలుపెట్టింది. ఆ నవలల్లో ఒకటి రాసిన రసెల్ టి డేవిస్ 2005 మార్చి 26న సిరీస్‌ని తిరిగి తీసుకొచ్చాడు. ఆయన తర్వాత బాధ్యత తీసుకున్న స్టీవెన్ మొఫాట్, క్రిస్ చిబ్నల్ కూడా చిన్నప్పటి నుంచి అభిమానులే. కపాల్డీ 15 ఏళ్ల వయసులో రాసిన అభిమాని ఉత్తరం 1974లో రేడియో టైమ్స్ పత్రికలో అచ్చయింది. టెనెంట్ నటుడవ్వాలనుకున్నదే ఈ సిరీస్ చూసి.

## పూర్తిగా మునిగిపోయాక

టామ్ బేకర్ పొడుగాటి మఫ్లర్ కావాలి. కొనాలా, అల్లించుకోవాలా?

అల్లించుకోండి. ఆ మఫ్లర్ పుట్టిన తీరే అందంగా ఉంటుంది. 1974లో కాస్ట్యూమ్ డిజైనర్ జేమ్స్ అచెసన్ రకరకాల రంగుల ఊలు కొని, ఎంత కావాలో అంత వాడుకుంటారని బెగోనియా పోప్ అనే ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ ఇచ్చిందంతా అల్లేసింది. టామ్ బేకర్ మెడకు రెండు చుట్లు చుట్టినా నేలకు జీరాడింది. అలాగే ఉంచేశారు.

నాది మా అమ్మ అల్లింది. రెండు నెలలు పట్టింది. అంతా ఒకే అల్లిక, రంగులు మార్చడంలోనే పనంతా. ఇటుక రంగు, ఆవపిండి పసుపు, బూడిద రంగు, ముదురాకుపచ్చ, గోధుమ రంగు, ఊదా. ఏ పట్టీ ఎన్ని వరసలో కాగితం మీద రాసిచ్చాను, అమ్మ ఒక్కో పట్టీ అయ్యాక పెన్సిల్‌తో కొట్టేసేది. "ఇంత పొడుగు ఎవరికే?" అని అడుగుతూనే పదకొండు అడుగులు అల్లింది. బాగా బరువుంటుంది కాబట్టి కొక్కేనికి తగిలించకండి, సాగిపోతుంది. మడిచి పెట్టుకోండి.

బ్రిటన్ వెళ్తున్నాను. ఏం చూడాలి?

2005 నుంచి సిరీస్ తయారయ్యేది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో, కాబట్టి అక్కడికే వెళ్లండి. ఒకప్పుడున్న ఎగ్జిబిషన్ 2017లో మూసేశారు, దానికోసం వెతకొద్దు. కార్డిఫ్ బే చుట్టూ నడిస్తే చాలా దృశ్యాలు గుర్తుపడతారు. అక్కడి మర్మెయిడ్ కీ దగ్గర, అనుబంధ సిరీస్ టార్చ్‌వుడ్‌లో చనిపోయిన ఇయాంటో అనే పాత్ర కోసం అభిమానులు ఉత్తరాలు, పూలు పెట్టిన గోడ ఉంది. లేని మనిషి కోసం నిజం మనుషులు రాసిన ఉత్తరాలవి, తీరిగ్గా చదవండి.

వీలైతే సదర్న్‌డౌన్ అనే ఊరి దగ్గర డన్‌రేవెన్ బే సముద్రతీరానికి వెళ్లండి. రోజ్, డాక్టర్ విడిపోయే దృశ్యం అక్కడే తీశారు. పుస్తకాలు అడ్డంగా పేర్చినట్టు పొరలు పొరలుగా రాతి గట్లు ఉంటాయి. పోటు మీద ఉంటే ఇసుక కనపడదు, ఆటుపోట్ల సమయం చూసుకుని బయల్దేరండి.

లండన్‌లో ఎర్ల్స్ కోర్ట్ మెట్రో స్టేషన్ బయట నీలం పోలీస్ బాక్స్ ఉంది, గ్లాస్గోలో పాతకాలంవి ఇంకా కొన్ని మిగిలాయి.

కొత్త ఎపిసోడ్ వస్తే మన టైమ్ ప్రకారం ఎప్పుడు చూడాలి? స్పాయిలర్లతో టెన్షన్‌గా ఉంది.

వేసవిలో బ్రిటన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర. 2024లో ఎపిసోడ్లు మనకి శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చేవి, 2025లో మధ్యాహ్నం పన్నెండున్నరకి. వెంటనే చూడలేకపోతే ఫోన్‌లో డాక్టర్ పేరు, కంపానియన్ పేరు మ్యూట్ చేసేయండి. క్రిస్మస్ ఎపిసోడ్ అర్ధరాత్రి దాటాక పడొచ్చు, మర్నాటి సెలవు ముందే పెట్టుకోండి.

అభిమానుల మధ్య ఇన్ని గొడవలేంటి?

ప్రతి ఒక్కరూ తమ డాక్టర్ కాలమే అసలైనదనుకుంటారు. పాతది చూడనివాళ్లు ఫ్యాన్సే కాదని కొందరు అంటారు, ఆ మాట పట్టించుకోకండి. ఒక ఎపిసోడ్ చూసి ఏడ్చినవాళ్లు కూడా ఫ్యాన్సే.

ఇప్పుడు సిరీస్ ఉన్నట్టా, లేనట్టా?

2025 మే 31న గాట్వా ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. చివర్లో ఆయన ముఖం మారి బిల్లీ పైపర్ కనిపించింది. ఆమె డాక్టరా కాదా అన్నది టైటిల్స్‌లో కావాలనే చెప్పలేదు. ఆ అక్టోబర్‌లో డిస్నీ ప్లస్ భాగస్వామ్యం ముగిసిందని, 2026 క్రిస్మస్‌కి రసెల్ టి డేవిస్ రాసే ఎపిసోడ్ ఉంటుందని బీబీసీ ప్రకటించింది. 1989 తర్వాత పదిహేనేళ్లకి పైగా ఎదురుచూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే నాకు ధైర్యంగా ఉంటుంది.

మా పాపకి ఎనిమిదేళ్లు. తనతో ఏది చూడొచ్చు?

విగ్రహాలవీ, గ్యాస్ మాస్క్ పిల్లాడివీ ఇప్పుడే వద్దు. 2010లో మాట్ స్మిత్ మొదటి ఎపిసోడ్ పెట్టండి. పగటిపూట, పక్కనే కూర్చుని చూడండి. బ్రిటన్‌లో పిల్లలు సోఫా వెనక దాక్కుని చూసేవాళ్లంటారు. మీ పాప మీ కొంగు వెనక దాక్కుంటుంది, దాక్కోనివ్వండి.

మా అక్క కూతురికి నేను చూపించింది అదే. అందులో ఏడేళ్ల అమీలియా గోడలో ఒక పగులు చూసి భయపడుతుంటుంది. డాక్టర్ వాళ్ల పెరట్లో వచ్చి పడతాడు, ఆమె పెట్టిన కస్టర్డ్‌లో చేప ముక్కలు ముంచుకుని తింటాడు. ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్తాడు. ఆ పిల్ల పెట్టె సర్దుకుని, టోపీ పెట్టుకుని, చీకట్లో పెట్టె మీద కూర్చుని ఎదురుచూస్తుంది. అక్కడ మా పిల్ల దిండు పక్కనపెట్టి లేచి కూర్చుని, "ఐదు నిమిషాలన్నాడు కదా పిన్నీ, వస్తాడా?" అని అడిగింది.

మీ పాప కూడా సరిగ్గా అక్కడే అడుగుతుంది. జవాబు చెప్పకండి. రిమోట్ ముట్టుకోకుండా తర్వాతి సీన్ రానివ్వండి.